ఆచార్య బీర్బల్ సాహ్ని

వైశాఖ మాసమున దర్శి ప్రాంతపు పల్లెలకు పోయి చూచినచో ఎండిన చెరువులు కనబడును. నీరింకిన చెరువు గర్భమున ఒండ్రుమట్టి బీటలువారి పెంకులవలె విడివడియుండును. రైతులు ఆ మట్టిని త్రవ్వి, బండ్లకును ట్రాక్టర్లకును ఎత్తుకొని, మిరప చేలకును ప్రత్తి చేలకును తోలుకొందురు. చెరువు మన్ను చేనికి బలమనుట తాతల నాటినుండి వచ్చుచున్న ఎరుక. మట్టి త్రవ్విన ఆ గోతి అంచును ఒక్కసారి నిదానించి చూడుడు. అది అంతయు ఒకే తీరున ఉండదు. పైన సన్నని జిగట మన్ను, దాని క్రింద ఇసుక కలిసిన గరుకు పొర, దాని క్రింద మరల నల్లని మన్ను కనబడును. పెద్ద వానలు కురిసి వాగులు పొంగిన ఏట ఇసుకయు గులకరాళ్ళును కొట్టుకొనివచ్చును. వానలు కొంచెముగా కురిసిన ఏట సన్నని మన్ను మాత్రమే వచ్చి మెల్లగా అడుగున దిగును. గట్టుమీది తుమ్మపూల పుప్పొడియు, తుంగ గింజలును, రాలిన ఆకులును, నత్తగుల్లలును ఆ పొరలలో చిక్కుకొనియుండును.

పూర్వము గ్రామమునందు కరణము ఏటేట భూముల లెక్క వ్రాసి దస్త్రమున భద్రపరచుచుండెడివాడు. చెరువడుగు మట్టియు అట్టి దస్త్రమే. ఏ ఏట ఎంత వాన కురిసినది, గట్టున ఏ చెట్లు పెరిగినవి అను లెక్కను అది పొరపొరగా దాచియుంచును. మన చెరువులు మానవులు కట్టినవి; ఏటేట పూడిక తీయబడునవి. కనుక వానియందు నిలిచియుండు పుటలు కొన్ని మాత్రమే. సహజముగా ఏర్పడిన సరస్సులయందు వేల సంవత్సరముల పుటలు ఉండును. ఏనాడో ఎండిపోయి రాయిగా మారిన సరస్సులయందు లక్షల, కోట్ల సంవత్సరముల పుటలు ఉండును. అయితే పుస్తకమున్నంత మాత్రమున చాలదు. దాని లిపి తెలిసినవాడు కావలెను. మన దేశమున ఆ లిపిని నేర్చి, పదిమందికి నేర్పిన మహనీయుడు ఆచార్య బీర్బల్ సాహ్ని.

సాహ్ని 1891వ సంవత్సరము నవంబరు 14వ తేదీన పశ్చిమ పంజాబులోని భేరా అను పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు పాకిస్తానులో కలదు. తండ్రి రుచిరామ్ సాహ్ని, తల్లి ఈశ్వరీదేవి. రుచిరామ్ లాహోరులోని ప్రభుత్వ కళాశాలయందు రసాయనశాస్త్రము బోధించెడివాడు. కళాశాలలో చెప్పు పాఠములతో ఆయన తృప్తిపొందలేదు. విజ్ఞానము సామాన్య జనులకు అందవలెనని తలచి, వారికి తెలిసిన పంజాబీ భాషలోనే ఉపన్యాసములు చెప్పుచుండెను. సెలవులు వచ్చినంతనే పిల్లలను వెంటబెట్టుకొని హిమాలయములలో కాలినడకన తిరుగుచుండెను. భేరాకు సమీపమున ఉప్పుకొండలు కలవు. ఆ కొండచరియలయందు రాతిపొరలు ఒకదానిమీద నొకటి పేర్చినట్లు కనబడును. బాలుడైన సాహ్నికి రాళ్ళయందును మొక్కలయందును ప్రీతి కలుగుటకు ఈ సంచారములే కారణమయ్యెను.

లాహోరులో పట్టపరీక్షయందు ఉత్తీర్ణుడై, 1911లో సాహ్ని ఇంగ్లండుకు పోయి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన ఇమ్మాన్యుయేల్ కళాశాలలో చేరెను. అక్కడ ఆచార్య సీవార్డు ఆయనకు గురువయ్యెను. సీవార్డు ఆ కాలమున పురావృక్షశాస్త్రమున, అనగా రాళ్ళలో మిగిలిన ప్రాచీన వృక్షముల అధ్యయనమున, అగ్రగణ్యుడు. గురుశిష్యులిరువురును కలిసి భారతదేశపు గోండ్వానా శిలలలోని వృక్షములను తిరిగి పరిశీలించి 1920లో ఒక గ్రంథమును వెలువరించిరి.

సాహ్ని ప్రకటించిన తొలి వ్యాసము 1915 నాటిది. దాని విషయము చిన్నది; దానిలోని హెచ్చరిక మాత్రము పెద్దది. గింకో అను వృక్షము యొక్క అండములను ఆయన సూక్ష్మదర్శినితో పరిశీలించుచుండగా, వాని లోపల ఆ వృక్షమునకు చెందని పుప్పొడి రేణువులు కనబడెను. గాలి ఎక్కడినుండియో వేరొక చెట్టు పుప్పొడిని తెచ్చి అందులో వేసినది. దీనినుండి సాహ్ని ఒక సంగతి గ్రహించెను. ఒక శిలాజపు గింజలో పుప్పొడి కనబడినంతనే అది ఆ చెట్టుదేయని నిశ్చయింపరాదు. పరాయి పుప్పొడి వచ్చి చేరియుండవచ్చును. సాక్షి చెప్పిన మాట వినుటకు ముందు, ఆ సాక్షి ఎక్కడివాడో విచారింపవలెనను నీతి ఇది. ఈ నీతి ఆయన జీవితాంతమున మరల ఎట్లు ఎదురైనదో ముందు తెలిసికొందము.

1919లో లండను విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొంది సాహ్ని స్వదేశమునకు మరలివచ్చెను. మొదట కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, పిదప లాహోరులోను కొలదికాలము పనిచేసి, 1921లో క్రొత్తగా నెలకొన్న లక్నో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రమునకు ప్రథమాచార్యుడుగా చేరెను. జీవితములో మిగిలిన కాలమంతయు ఆయన అక్కడనే గడపెను. 1920లో సావిత్రీదేవిని వివాహమాడెను. ఆమె ఆయన ప్రయాణములందును పరిశోధనలందును తోడునీడగా నిలిచెను. విదేశములలో చదివి వచ్చినను సాహ్ని ఖద్దరు వస్త్రములనే ధరించెడివాడు.

రాతిలోని చెట్టు శీతోష్ణస్థితిని గూర్చి ఎట్లు చెప్పగలదని మీకు సందేహము కలుగవచ్చును. జంతువు ఎండ తగిలిన నీడకు పోవును. చలివేసిన వేరొక చోటికి పోవును. చెట్టు అట్లు కదలలేదు. తనకు తగిన వానయు వేడియు ఉన్నచోటనే అది బ్రతుకును. మన పొలముల గట్లమీద తాడిచెట్లు నిలిచియుండును. దేవదారువును తెచ్చి నాటినచో మన ఎండలకు అది నిలువదు. దేవదారు పెరుగు మంచుకొండలపై తాడిచెట్టు బ్రతుకదు. కనుక ఒకచోట రాతిలో ఏ చెట్టు ఆకు దొరికినదో గుర్తింపగలిగినచో, ఆ ఆకు రాలిననాడు అచ్చట ఎట్టి వానలు కురిసినవో, ఎంత చలి ఉండినదో ఊహింపవచ్చును. అయితే ఒక్క ఆకును చూచి తీర్పు చెప్పరాదు. ఆకులు, కాయలు, గింజలు, పుప్పొడి, వానితో దొరకు నత్తలు, చేపలు అన్నియు ఒకే మాట చెప్పినపుడే అది నమ్మదగినది.

ఈ శిలాజములకై ఎంతో దూరము పోనక్కరలేదు. ఒంగోలు ప్రాంతములోని వేమవరము వద్ద మెత్తని పలకరాళ్ళు కలవు. వానియందు పది కోట్ల ఏండ్లకు పైబడిన ప్రాచీనకాలపు ఆకుల అచ్చులు దొరికినవి. వానిలో కొన్ని మన ఈతాకులను పోలియుండును. ఫైస్ట్‌మాంటెల్ అను శాస్త్రజ్ఞుడు వానిని 1879లోనే వర్ణించెను. పూలు పూయు వృక్షములు లోకమున విస్తరింపకముందు మన తీరమున పెరిగిన చెట్ల గుర్తులవి. ఆ కాలమునకు చెందిన వృక్షములను సాహ్నియు శ్రద్ధగా పరిశీలించెను. నేటి జార్ఖండులోని రాజమహల్ కొండలలో విడివిడిగా దొరికిన కాండమును, ఆకును, పుష్పమును జతపరచి, ఒక లుప్తవృక్షము యొక్క పూర్ణరూపమును 1932లో లోకమునకు చూపెను. దానికి గురువు పేరు కలిసివచ్చునట్లు విలియమ్సోనియా సీవార్డియానా అని నామకరణము చేసి, ఆయన ఋణము తీర్చుకొనెను.

సాహ్నిని మిక్కిలి ఆకర్షించినవి దక్కను నల్లరాళ్ళు. పూర్వమొకప్పుడు దక్కనునందు భూమి పగిలి, కరగిన రాయి మాటిమాటికి వెలికి పొర్లెను. అది చల్లారి నేడు దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనియున్నది. అయితే ఆ ప్రవాహములు ఎడతెగకుండ సాగలేదు. ఒక ప్రవాహమునకును మరియొక ప్రవాహమునకును నడుమ ఎంతోకాలము శాంతముగా గడచెడిది. అప్పుడు చల్లారిన రాతి పల్లములలో నీరు నిలిచి సరస్సులు ఏర్పడెడివి. ఒడ్డున చెట్లు మొలచెడివి. నీటిలో నాచు, నత్తలు, చేపలు పెరిగెడివి. మరల కరగిన రాయి పొర్లివచ్చి, ఆ సరస్సులను అడుగు మట్టితో సహా కప్పివేసెడిది. రెండు నల్లరాతి పొరల నడుమ చిక్కుకొన్న ఆ సరస్సుల మట్టియే సాహ్నికి పుస్తకమయ్యెను.

ఆ మట్టి రాయిగా మారినది. దానిని పలుచని బిళ్ళలుగా కోసి, వెలుగు చొచ్చిపోవునంతవరకు అరగదీసి, సూక్ష్మదర్శిని క్రింద ఉంచవలెను. మధ్యప్రదేశమునందలి ఛింద్వాడా ప్రాంతమునుండి తెచ్చిన రాళ్ళలో సాహ్నికిని ఆయన సహచరులకును నీటిపై తేలియాడు అజొల్లా మొక్క కనబడెను. అది నేడు మన వరిమళ్ళలో పచ్చిరొట్టగా పెంచు మొక్కకు జ్ఞాతి. అక్కడనే నీపా అను తాళజాతి చెట్టు కాయయు దొరికెను. ఆ చెట్టు నేడు సుందరవనముల వంటి ఉప్పునీటి బురదనేలలయందు పెరుగును. దానిని బట్టి సముద్రపు నీరు ఒకప్పుడు దేశమధ్యమునకు చేరువగా వచ్చియుండెనని సాహ్ని ఊహించెను. మన రాజమహేంద్రవరమునకు సమీపమున కాతేరు వద్దను ఇట్టి పొరలు కలవు. వానియందు దొరికిన నీటినాచు కాయలు ఆవగింజకన్న చిన్నవి. అట్టి కాయలును ఆయన వాదమునకు సాక్ష్యమిచ్చెను. 1940లో మద్రాసులో జరిగిన భారత విజ్ఞాన మహాసభకు సాహ్ని అధ్యక్షుడై, ఈ దక్కను రాళ్ళ కథనే తన ఉపన్యాసమునకు విషయముగా ఎన్నుకొనెను. ఆ రాళ్ళు అప్పటి పండితులనేకులు తలచినంత ప్రాచీనములు కావని ఆయన వాదించెను. నేటి కొలతలనుబట్టి అవి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్లనాటివి. రెండు యుగముల సంధికాలమునకు చెందినవి. కనుక ఆ వివాదమున ఇరుపక్షములవారికిని కొంత సత్యము చిక్కినదని చెప్పవలెను.

సరస్సుల మట్టి చెప్పిన కథలలో అతిరమ్యమైనది కాశ్మీరమునకు చెందినది. ఆ లోయయందు కరేవాలు అను మెరకనేలలు కలవు. నేడు వానిపై కుంకుమపువ్వు పండును. పూర్వకాలమున అది ఒక మహాసరస్సు. ఆ సరస్సు అడుగున దిగిన మట్టియే ఈ కరేవాలు. ఇట్టి మట్టి పొరలు లోయలో మాత్రమేకాక, దానికి దక్షిణమున నున్న పీర్ పంజాల్ పర్వతముల పక్కలపైనను 10000 అడుగులకు మించిన ఎత్తున కనబడును. అచ్చట చలి గడ్డకట్టించునది. ఆ పొరలలో శృంగాటకపు కాయలు దొరకెను. ఇది సింగాడా అను పేర అందరెరిగిన నీటికాయ. నేడు కాశ్మీరమున ఈ తీగ 5000 అడుగులకు కొంచెము పైన నున్న సరస్సులలో పెరుగును. ఆ కాయలతో ఓక్ వృక్షముల ఆకులును దొరకెను. ఓక్ వృక్షములు నేడు పీర్ పంజాల్ దక్షిణపు వాలున, ఋతుపవనములు తాకుచోట పెరుగునుగాని, లోయలోపల సహజముగా పెరుగవు.

ఈ రెండు సాక్ష్యములను సాహ్ని జతపరచి 1936లో తన అభిప్రాయము ప్రకటించెను. నీటితీగ పర్వతమెక్కి పోలేదు. అది పెరిగిన సరస్సు అడుగే మట్టితో సహా అనేక వేల అడుగులు పైకి లేచినది. పీర్ పంజాల్ అంత ఎత్తు లేనినాడు వానమబ్బులు దానిని దాటి లోయలోనికి పోయెడివి. అందుచేత అచ్చట ఓక్ వనములు పెరిగెను. పర్వతము ప్రాకారమువలె లేచి మబ్బులను అడ్డగించిన పిమ్మట లోయలోని శీతోష్ణస్థితి మారి, ఆ వనములు నశించెను. ఒక కాయ, ఒక ఆకు, పిడికెడు మట్టి: ఇంతమాత్రపు ఆధారముతో పర్వతము లేచిన వృత్తాంతమును, వాన దారి తప్పిన వృత్తాంతమును ఆయన చదివెను. కరేవా మట్టి పేరుకొనుట సుమారు 40 లక్షల ఏండ్ల క్రిందట ఆరంభమైనదని నేటి శాస్త్రజ్ఞులు లెక్కించుచున్నారు.

సాహ్ని నిష్ణాతుడైనను పొరపాటులకు అతీతుడు కాడు. చిన్ననాడు తిరిగిన ఉప్పుకొండల వయస్సును గూర్చి 1940 దశకమున పెద్ద వివాదము చెలరేగెను. ఆ ఉప్పు పొరలు అతిప్రాచీనములని భూగర్భశాస్త్రజ్ఞులు కొందరనిరి. సాహ్నియు ఆయన శిష్యులును ఆ ఉప్పును కరగించి పరిశీలింపగా, అందు వృక్షభాగముల సూక్ష్మ శకలములును కీటకముల తునకలును కనబడెను. అంతటి ప్రాచీనకాలమున భూమిపై అట్టి వృక్షములు లేవు. కనుక ఉప్పు పొరలు చాల అర్వాచీనములని ఆయన నిశ్చయించెను. బయటి ధూళి చేరకుండ ఆయన జాగ్రత్తపడకపోలేదు. అయినను నేడు ఆ పొరలు 50 కోట్ల ఏండ్లకు మించినవనియే శాస్త్రజ్ఞులు అంగీకరించుచున్నారు. ఆ శకలములు ఎట్లో తరువాత వచ్చి చేరినవే. పరాయి పుప్పొడిని గూర్చి యౌవనమున లోకమును హెచ్చరించిన వానికే ఏబదేండ్లు దాటిన పిమ్మట పరాయి ధూళి చిక్కు తెచ్చిపెట్టెను. ఇందువలన ఆయన గౌరవము తగ్గదు. చిన్న సాక్షి ఎంత గొప్ప సత్యమును చెప్పగలదో, ఎంతటి పండితునైనను ఎట్లు దారి తప్పింపగలదో ఈ రెండు సంఘటనలును కలిసి మనకు బోధించును. తాను చూచినదానిని అందరి యెదుట ఉంచి, విమర్శకు నిలిచినవాడు గనుకనే ఆయన పొరపాటు తరువాతివారికి పాఠమయ్యెను.

ఆయన కన్ను మట్టిలో వృక్షములనేకాక మానవుని చేతిపనినిగూడ గుర్తింపగలిగెను. 1936లో రోహతక్ సమీపమున ఒక దిబ్బయందు మట్టి అచ్చులను కనుగొని, ప్రాచీన భారతీయులు నాణెములను పోతపోసిన విధానమును ఆయన వివరించెను. ఆ సంవత్సరముననే లండనులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. అది శాస్త్రజ్ఞులకు దుర్లభమైన గౌరవము.

ఎన్ని గౌరవములు లభించినను సాహ్ని మనస్సున ఒక కోరిక నిలిచియుండెను. ప్రాచీన వృక్షముల అధ్యయనమునకు భారతదేశమున ఒక ప్రత్యేక సంస్థ ఉండవలెను. ఒక్కడు చదువగల పుటలు కొన్నియే, పుస్తకము అనంతము. సాహ్ని దంపతులు తాము కూడబెట్టిన శిలాజములను, గ్రంథములను, ధనమును ఇందుకై అర్పించిరి. 1946 సెప్టెంబరు 10వ తేదీన లక్నోలో ఆ సంస్థ ఏర్పడెను. 1949 ఏప్రిల్ 3వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దాని భవనమునకు పునాదిరాయి వేసెను. ఆ రాయి సామాన్యమైనది కాదు. పలుచోట్ల సేకరించిన శిలాజములను పొదిగి సాహ్ని స్వయముగా రూపొందించినది. ఆ ఉత్సవము ముగిసి వారము దినములైనను సరిగా గడువకముందే, ఏప్రిల్ 10వ తేదీ తొలిజాములో హృద్రోగముచే సాహ్ని కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరములు.

పునాది వేసినవాడు గోడ లేచుటను చూడలేదు. అచ్చటితో ఆ ఆశయము ఆగిపోవలసినదే. కాని సావిత్రీదేవి దుఃఖమును దిగమ్రింగి, సంస్థ భారమును తన భుజములపై వేసికొనెను. భవనము పూర్తియై 1953 జనవరి 2వ తేదీన నెహ్రూ చేతులమీదుగానే ప్రారంభమయ్యెను. నేడు అది బీర్బల్ సాహ్ని పేరనే ప్రసిద్ధికెక్కియున్నది.

ఆ సంస్థలో సరస్సుల మట్టిని చదువు విద్య క్రమముగా పెరిగెను. సరస్సు అడుగున పొడవైన గొట్టమును దింపి, పొరలు చెదరకుండ మట్టిని పైకి తీయుదురు. పొరపొరకును కొంచెము మట్టిని తీసి, రసాయనములతో శుద్ధిచేసి, మిగిలిన పుప్పొడిని సూక్ష్మదర్శిని క్రింద ఏరి లెక్కింతురు. పుప్పొడి రేణువు పైపొర మిక్కిలి దృఢము. వేల ఏండ్లు గడచినను నశింపదు. ఒక్కొక్క మొక్క పుప్పొడికి ఒక్కొక్క రూపము కలదు. ఒక పొరలో వృక్షముల పుప్పొడి మెండుగా ఉన్నచో ఆనాడు వానలు మెండని, ఎండునేలల పొదల పుప్పొడి పెరిగినచో కరువు వచ్చెనని తెలియును. పొర వయస్సును అందలి కర్బనమునుబట్టి నిర్ణయింతురు. ఈ విధముగా గురుదీప్ సింగ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును రాజస్థానములోని సాంభర్, డీడ్వానా, లూణకరన్‌సర్ సరస్సులను పరిశీలించి 1974లో ఫలితములు ప్రకటించిరి. నేడు ఎడారియైన ఆ ప్రదేశమున కొన్నివేల ఏండ్ల క్రిందట వానలు హెచ్చుగా కురిసినవని ఆ మట్టి చెప్పెను.

ఈ విద్యవలన మనకేమి ప్రయోజనమని కొందరడుగవచ్చును. వానదేవుని దయపై ఆధారపడిన మెట్టపొలములవారికి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పనక్కరలేదు. ఇరువది, ముప్పది ఏండ్ల వానలెక్కలు మాత్రమే తెలిసినచో, ఎంతటి కరువు రాగలదో, అది ఎన్నేండ్లు నిలువగలదో చెప్పుట కష్టము. వేల ఏండ్ల లెక్క చేతనున్నచో ముందుచూపునకు ఆధారము కలుగును. ఆ లెక్క ఏ రాజు దస్త్రమునను లేదు. అది మట్టిలోనే కలదు.

విద్యార్థులారా! వచ్చు వేసవిలో మీ ఊరి చెరువు ఎండినపుడు, బండి కెత్తు మట్టిపెళ్ళను చేతికి తీసికొని విరిచి చూడుడు. అందొక ఎండుటాకు, ఒక నత్తగుల్ల, ఒక గింజ కనబడవచ్చును. అది ఎక్కడిది, ఏ ఏటిది, నిజముగా ఆ పొరకు చెందినదేనా, లేక పైనుండి జారిపడినదా అని విచారింపుడు. ఆ విచారణయే బీర్బల్ సాహ్ని తన జీవితమంతయు సాగించిన తపస్సు.